బస్రా వెళ్ళిన మా తాతయ్య
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 సభలో నన్ను కూడా పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. కరువు భత్యం గురించి మాట్లాడతాననుకున్నారో ఏమో, జీవోల కట్ట ఒకటి ఇంటికి పంపించారు. ఆ విషయం మీద నాకంటే బాగా మాట్లాడగలవారు ఈ వేదిక మీదే ముగ్గురున్నారు. అందుచేత ఆ కట్టను అలాగే తిరిగి అప్పగించి, వేరే సంగతి ఒకటి మనవి చేసుకోవడానికి అనుమతి తీసుకున్నాను.

నేను ఖజానా శాఖలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అందులో పన్నెండేళ్ళు పెన్షన్ సీటే. ఇతరుల పెన్షన్ కాగితాలు అన్నేళ్ళు తిరగేసిన తర్వాత, రిటైరయ్యాక మా సొంత ఇంటి పెన్షనరు కాగితాలు వెతకాలని బుద్ధి పుట్టింది. ఆ పెన్షనరు మా నాయనమ్మ. ఆమెకు ఆ పెన్షను రావడానికి కారణమైన మనిషి మా తాతయ్య. ఆయన 1916 చివరలో మెసపొటేమియా యుద్ధానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. నేను పుట్టేటప్పటికి ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఫోటో లేదు, ఉత్తరం లేదు. ఇంట్లో మిగిలింది ఒక్క బిళ్ళ.

దాన్ని మేం గుర్రం బిళ్ళ అనేవాళ్ళం. రూపాయి కంటే పెద్దది, బరువైనది. ఒక వైపు కిరీటం లేకుండా అయిదో జార్జి చక్రవర్తి తల. రెండో వైపు గుర్రం మీద ఒక దిగంబరుడు, గుర్రం కాళ్ళ కింద ఒక కపాలం, పక్కన 1914, 1918 అని అంకెలు. ఆ దిగంబరుణ్ణి చూసి చిన్నప్పుడు మేం నవ్వితే నాయనమ్మ చేతిలో దెబ్బలు పడేవి. బిళ్ళను ఆమె దేవుడి గూట్లో ఉంచేది. పండగ పండగకీ దీపపు సెమ్మెలతో పాటు చింతపండు పెట్టి తోమేది. ఈ తోమడం సంగతి మళ్ళీ వస్తుంది కనుక గుర్తుంచుకోండి.

అది బ్రిటిష్ వార్ మెడల్. సైనికులకు దీన్ని వెండితో చేసి ఇచ్చారు. లేబర్ కోర్లలో పనిచేసినవారికి అదే అచ్చుతో కంచుది ఇచ్చారు. వెండి మెడళ్ళు మన వైపు పల్లెల్లో ఎన్ని మిగిలి ఉంటాయో నాకు అనుమానమే. కరువు వచ్చిన ఏడు కంసాలి దగ్గరికి వెళ్ళి, ఎవరి కాలికో కడియంగా మారి ఉంటాయి. మా బిళ్ళను కూడా ఒకసారి కంసాలికి చూపించారట. ఇది నాకెందుకమ్మా అని తిప్పి ఇచ్చేశాడట. దానికి విలువ లేకపోవడం వల్లనే అది మా ఇంట్లో మిగిలింది.

ఇక ఆ యుద్ధం గురించి రెండు మాటలు. మనం బళ్ళో మెసపొటేమియా అంటే టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య నాగరికత అని చదువుకున్నాం. అయిదు మార్కుల ప్రశ్న. మన తాతల్లో కొందరు ఆ నదుల మధ్య మట్టి మోశారని మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు. మొదటి ప్రపంచ యుద్ధాన్ని మన ముసలివాళ్ళు జర్మనీ యుద్ధం అనేవారు. ఆ యుద్ధంలో మనవాళ్ళకు తెలిసినదల్లా 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు మీద గుళ్ళు కురిపించడం, జనం పట్నం వదిలి పరుగెత్తడం. ఫ్రాన్సు కందకాల గురించి సినిమాలు వచ్చాయి. మెసపొటేమియాను మాత్రం అందరూ మరిచిపోయారు. అయితే, మన దేశం నుంచి అన్నిటికంటే ఎక్కువ మంది వెళ్ళింది ఆ రంగానికే. లెక్క 5 లక్షల 80 వేలు దాటుతుంది. ఇంకో విషయం, వాళ్ళలో సగం మంది తుపాకీ పట్టినవాళ్ళు కాదు. కూలీలు, కంచరగాడిదలు తోలేవారు, నీళ్ళు మోసేవారు, డోలీలు మోసేవారు, వంటవారు, చాకళ్ళు, పాకీవారు.

తుర్కీ ప్రభుత్వం జర్మనీ పక్షాన చేరగానే, పర్షియా చమురుకు కాపలా కోసం బొంబాయి నుంచి వెళ్ళిన సైన్యం 1914 నవంబరు 22న బస్రా పట్టుకుంది. అక్కడితో ఆగితే బాగుండేది. సులభంగా గెలిచామనే ధీమాతో, సరంజామా లేకుండా, నది వెంట పైకి పైకి పోయారు. బాగ్దాద్ దరిదాపుల్లో దెబ్బతిని, వెనక్కి వచ్చి కూత్ అనే ఊళ్ళో చిక్కుకున్నారు. 147 రోజుల ముట్టడి. 1916 ఏప్రిల్ 29న జనరల్ టౌన్‌షెండ్ సుమారు 13 వేల మందితో లొంగిపోయాడు. వాళ్ళలో ఎక్కువ మంది మన దేశస్థులే. ఆ పరాజయం మీద, ముఖ్యంగా గాయపడ్డవారికి వైద్యం లేక జరిగిన ఘోరం మీద, విచారణ సంఘం వేశారు. దాని నివేదిక 1917లో బయటకు వచ్చాక లండనులో భారత మంత్రిగా ఉన్న ఆస్టిన్ చేంబర్లేన్ రాజీనామా చేశాడు.

అసలు లోపం ఎక్కడంటే, బస్రాలో సరైన రేవు లేదు. సామాను తెచ్చిన ఓడలు నదిలో వారాల తరబడి లంగరు వేసుకుని కూర్చునేవి. సామాను దిగితే దాన్ని పైకి పంపడానికి రైలు లేదు, రోడ్డు లేదు, చాలినన్ని పడవలు లేవు. వరదొస్తే అంతా బురద. కూత్ పోయాక కళ్ళు తెరిచి రేవులు కట్టారు, కరకట్టలు పోశారు, రైలు పట్టాలు వేశారు. వీటికి మనుషులు కావాలి. ఆ మనుషుల కోసం మన దేశంలో జిల్లా జిల్లాకూ మనుషులను పంపారు. జైళ్ళలోని ఖైదీలను సైతం శిక్ష తగ్గిస్తామని చెప్పి తీసుకెళ్ళారు. మా చీపురుపల్లి తాలూకాకు కూడా ఆ పిలుపు వచ్చింది.

మా తాతయ్యకు అప్పుడు ఇరవై రెండో, ఇరవై మూడో. పెదనాన్న మూడేళ్ళవాడు. నాన్న చంటిపిల్లవాడు. ఉన్న కాస్త గరువు తాకట్టులో ఉంది. వెళ్ళేవారికి ముందుగా అడ్వాన్సు చేతికిచ్చారు. ఆ డబ్బుతో గరువు విడిపించి, మర్నాడు విజయనగరంలో రైలెక్కాడు. రాజభక్తి అనీ, దేశభక్తి అనీ నేను చెప్పలేను. ఆయన గరువు కోసం వెళ్ళాడు. ఆ గరువు మీద వచ్చిన చోళ్ళూ, ఉలవలూ తిని పెదనాన్నా, నాన్నా పెరిగారు. నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు కాగలిగాడు. నేను గుమాస్తానయ్యాను.

నాయనమ్మ ఎప్పుడు చెప్పినా ఒకటే మాట: “మీ తాత బసరా ఎల్లిపోనాడు.” ఆ ఊరెక్కడని అడిగితే, “ఓడెక్కి ఎల్లాలంట, ఆ ఊరేటో, ఆ నీళ్ళేటో నాకేటి తెల్సు” అనేది. మా ఊరి పురోహితుడుగారికి బస్రా తెలియదు. ఆయనకు తెలిసినది గోదావరి ఒడ్డున సరస్వతీదేవి వెలసిన బాసర. అందుచేత, “పుణ్యక్షేత్రంలో పోయాడమ్మా, ఉత్తమ గతులు కలుగుతాయి” అని ధైర్యం చెప్పేవాడట. మంచి ఉద్దేశంతోనే చెప్పాడు. ఆమెకు ఆ మాట కొంత ఊరట కూడా. ఓడెక్కి బాసర వెళ్ళడమేమిటని ఎవరూ తర్కించలేదు.

పోయిన కబురు గ్రామ మునసబు తెచ్చాడు, పెద్ద పండగ ముందు. ఏ నెలలో పోయాడో, ఏ రోజు పోయాడో ఆ కాగితంలో ఉండే ఉంటుంది. చదివి చెప్పినవారు ఆ ముక్క చెప్పలేదు, విన్నవారికి అడగాలని తోచలేదు. తిథి తెలియలేదు గనుక మహాలయ అమావాస్యనాడు పెట్టుకోమన్నారు. వందేళ్ళ పాటు అలాగే జరిగింది. నాయనమ్మకు మాత్రం ఇది లోపల ఒక ముల్లు. “ఊరందరికీ పెట్టే నాడే ఈయనకీ పెడతాం. ఈయనదంటూ ఒక రోజు నేదు” అనేది. ఈ మాట నేను ఆమె నోట చాలాసార్లు విన్నాను. నా పరిశోధనకు కారణం అడిగితే ఇదే. చరిత్ర మీద ఆసక్తి తరువాత పుట్టింది.

ఆమె పెన్షను కొద్దిపాటిది. దానికోసం చీపురుపల్లి ఖజానాకు నడిచి వెళ్ళేది. ఒక్కోసారి నన్ను వేలు పట్టుకుని తీసుకెళ్ళేది. బ్రతికే ఉన్నదనీ, మారుమనువు చేసుకోలేదనీ కరణంగారు రాసివ్వాలి. అరవై దాటిన తర్వాత కూడా రాసివ్వాలి! ఇక్కడ కూర్చున్న ఫ్యామిలీ పెన్షనరు అక్కయ్యలు నవ్వుతున్నారు. మీ చేత ఆ ధ్రువపత్రం మీద సంతకాలు పెట్టించుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. గుమాస్తా పుస్తకంలో ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని చదివి, తలెత్తి ఆమె చెంప చూసి, అప్పుడు వేలిముద్ర వేయించుకునేవాడు. 1974లో ఆమె పోయాక ఆ పెన్షన్ పుస్తకాన్ని నాన్న రూలు ప్రకారం ఖజానాకు తిరిగి ఇచ్చేశాడు. దానిలో తాతయ్య పేరు, నంబరు, పటాలం, అన్నీ ఉండి ఉంటాయి. కానీ రూలు రూలే. ఆ సీట్లో నేనున్నా అదే అడిగేవాణ్ణి. గడువు తీరిన పుస్తకాలను నాశనం చేయడం కూడా రూలే.

అందుచేత 2009లో, రిటైరైన మరుసటి సంవత్సరం, నా చేతిలో ఉన్న ఆధారాలు రెండే. ఒకటి గుర్రం బిళ్ళ. రెండోది మా ఊరి చావడి గోడలో ఉన్న చలవరాతి పలక. యుద్ధం అయ్యాక ప్రభుత్వం చాలా ఊళ్ళలో ఇలాంటి పలకలు పెట్టించింది. మీలో కొందరు చూసే ఉంటారు. ఇంగ్లీషులో ఉంటుంది. ఈ గ్రామం నుంచి 1914-1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలు అర్పించారు అని దాని సారాంశం. మా ఊరి పలక మీద వెళ్ళినవారు 11, పోయినవారు 3. పేర్లు లేవు. సున్నం మీద సున్నం పడి అక్షరాలు పూడిపోతే, ఒక ఆదివారం కూర్చుని కొబ్బరి పీచుతో శుభ్రం చేశాను. ఊరివాళ్ళు ఈయనకు రిటైరయ్యాక తోచడం లేదనుకున్నారు. అదీ నిజమే.

బిళ్ళ సంగతి మా మనవరాలు తేల్చింది. ఈ మెడళ్ళ అంచు చుట్టూ పొందినవాడి నంబరు, హోదా, పేరు, దళం చెక్కుతారు. ఈ సంగతి పుస్తకంలో చదివి నేను భూతద్దం పెట్టి చూశాను. నాయనమ్మ యాభై ఏళ్ళు చింతపండు పెట్టి తోమిన తోముడుకు పేరు పూర్తిగా అరిగిపోయింది. ప్రేమతోనే తోమింది, పాపం. మిగిలినవి నంబరు, ఆ పక్కన ఆరు అక్షరాల హోదా, చివర దళం పేరులో సగం. మనవరాలు ఇంజనీరింగ్ చదువుతోంది. సెల్‌ఫోనుతో ఏటవాలు వెలుతురులో ఫోటోలు తీసి, పెద్దవి చేసి చూపించింది. హోదా స్పష్టంగా కనబడింది. కూలీ.

చనిపోయినవారి వివరాలు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వద్ద ఉంటాయి. ఇది 1917లో స్థాపించిన సంస్థ. వారి జాబితాను ఇప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటరులో చూడవచ్చు. పేరుతో వెతికితే లాభం లేకపోయింది. మా జిల్లాలో ప్రతి రెండో ఇంట్లో ఉండే పేరే ఆయనది. పైగా ఆ రోజుల్లో రాసుకున్న తెల్ల దొరకు గాని, అరవ గుమాస్తాకు గాని మన ఉచ్చారణ ఎలా వినబడితే అలా రాశారు. ఒకే పేరు అయిదారు విధాలుగా ఉంటుంది. ఇంటిపేరు అసలే రాయలేదు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. వాళ్ళ ఫారంలో దానికి గడి లేదు. గడి లేనిది రాయకపోవడం గుమాస్తా ధర్మం. తండ్రి పేరుకు, ఊరికి, తాలూకాకు, జిల్లాకు మాత్రం గడులున్నాయి. నంబరుతో వెతికితే దొరికింది. నంబరు, బిళ్ళ మీదిదే. తండ్రి పేరు, మా ముత్తాతదే. ఊరి పేరు గుర్తుపట్టలేనంతగా వంకర తిరిగినా, చీపురుపల్లి, వైజాగపటం అని పక్కనే ఉంది. చనిపోయిన తేదీ 1917 జూలై 25. స్మారకం బస్రాలో.

తెర మీద ఆ తేదీ కనబడ్డాక మనవరాలు ఏదో అంటోంది గాని నాకు వినబడలేదు. పాత పంచాంగాలు దాచిన మిత్రుడొకరు మన సంఘంలోనే ఉన్నారు. ఆయన లెక్కకట్టి చెప్పారు. పింగళ నామ సంవత్సరం, శ్రావణ శుద్ధం, బుధవారం. మా అన్నయ్య ఆ సంవత్సరం నుంచి ఆ తిథికే పెడుతున్నారు. మహాలయ అమావాస్యకు ఎలాగూ అందరితో పాటు ఉంటుంది.

ఆ జూలై ఎలాంటిదో తర్వాత చదివాను. ఆ నెలలోనే యూఫ్రటీస్ ఒడ్డున రమాది అనే ఊరి మీద దాడికి వెళ్ళిన పటాలంలో శత్రువు దెబ్బకంటే వడదెబ్బకు పడిపోయినవారే ఎక్కువ. దాడి మానుకుని తిరిగి వచ్చేశారు. సైనికుల స్థితి అది. రేవులో బస్తాలు మోసేవాడికి, కరకట్ట మీద మట్టి పోసేవాడికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అంతకు నాలుగు నెలల ముందే, 1917 మార్చి 11న జనరల్ మాడ్ బాగ్దాద్ ప్రవేశించాడు. పత్రికల నిండా ఆయన పేరే. పోయినసారి ఓడిన దారిలోనే ఈసారి ఎలా గెలిచారంటే, ఫిరంగి వెనక గుండు, గుండు వెనక పడవ, పడవ వెనక రేవు, ఆ రేవులో కూలీలు.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు గొడవ ఇంట్లో వచ్చింది. మా ఊళ్ళో మా ఇంటిని మిలటరీ వాళ్ళిల్లు అంటారు. తాతయ్య హవల్దారు అని మాలో అందరూ చెప్పుకునేవారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మా పెదనాన్నగారి అబ్బాయి కొత్త ఇల్లు కట్టుకుని, గుమ్మం పక్కన నల్లరాతి మీద తాతయ్య పేరు, హవల్దార్ అని చెక్కించడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాడు. నేను కాగితం తీసుకెళ్ళి చూపించాను. మొహం మాడిపోయింది. “తమ్ముడూ, ఇది నీ దగ్గరే ఉంచుకో. రేపు పిల్లల సంబంధాలకు వచ్చినవాళ్ళు కూలీ మనవలంటారు” అన్నాడు.

కోపం రాలేదు గాని కష్టమనిపించింది. నేనన్నాను: “అన్నయ్యా, సర్వీసు రిజిస్టరులో ఉన్న హోదా అది. పోయినవాడికి ప్రమోషన్ ఇచ్చే జీవో ఏదీ లేదు. మనం హవల్దారని రాస్తే, ఆ నంబరు మీద, ఆ తేదీన బస్రాలో పోయిన మనిషి మన తాతయ్య కాకుండా పోతాడు. వేరే ఎవరో అవుతాడు. అప్పుడు ఆ తిథి కూడా మనది కాదు.” సిపాయిలతో పోలిస్తే వీళ్ళకు జీతం తక్కువ, రేషన్ తక్కువ, పోతే ఇంటివాళ్ళకు వచ్చేదీ తక్కువ. బిళ్ళ కూడా వెండిది కాదు. ఇవన్నీ తగ్గించి ఇచ్చారు గదా, మనం కూడా తగ్గించుకోవడం దేనికి?

నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. తర్వాత ఆయనే పిలిచాడు. రాతి మీద లేబర్ కోర్, బస్రా, 1917 అని చెక్కించాడు. ఇంగ్లీషులో. ఇంగ్లీషులో ఉంటే చాలామంది చదవరని ఆయన ధైర్యం. నేను ఇంకేమీ అనలేదు.

బస్రా స్మారకం గురించి చెప్పి ముగిస్తాను. అది ఒక పొడవాటి రాతి కట్టడం. 1929 మార్చి 27న ఆవిష్కరించారు. సమాధి తెలియనివారు 40 వేల మందికి పైగా స్మారకం అది. బ్రిటిష్ అధికారులకు, సైనికులకు, మన దేశపు అధికారులకు కూడా గోడ మీద పేర్లు చెక్కారు. మన మామూలు సిపాయిలకు, కూలీలకు మాత్రం దళం పేరు వేసి, కింద ఇంతమంది అని సంఖ్య వేశారు. అలా సంఖ్యగా మిగిలినవారు 30 వేలకు పైగానే. పేర్లు తెలియక కాదు. పుస్తకాల్లో ఉన్నాయి. ఉండబట్టే నాకు దొరికింది. గోడకు ఎక్కించలేదు, అంతే. 2021 ఏప్రిల్‌లో ఆ కమిషనే నివేదిక వేసి, ఇలా తక్కువగా చూసిన మాట నిజమేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆ స్మారకం కూడా ఇప్పుడు మొదట కట్టిన చోట లేదు. 1997లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం దాన్ని విప్పించి, నాసిరియా వెళ్ళే దారిలో 32 కిలోమీటర్ల దూరాన మళ్ళీ కట్టించింది. వెళ్ళి చూసే వయసు నాకు దాటింది.

ఢిల్లీ వెళ్ళినవాళ్ళు తీన్‌మూర్తి కూడలి చూసి ఉంటారు. అక్కడి మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల లాన్సర్లవి. వాళ్ళు ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేశారు. నిజాం పటాలానికి అలా ఒక గుర్తుంది. సంతోషం. మద్రాసు రాజధానిలోని మన కూలీలకు విగ్రహం కావాలని నేను అడగడం లేదు.

నేను అడిగేది చిన్న పని. మద్రాసు ఎగ్మూరులో ఉన్న పాత రికార్డు ఆఫీసులో నాలుగు రోజులు కూర్చున్నాను. కూలీల సమీకరణ ఉత్తర్వులు, అడ్వాన్సులు, జీతంలో ఇంటికి పంపే వాటా, ఇలాంటి కాగితాలు చదివాను. చేతిరాత చూస్తే నా సీటులోనే ఉన్నట్టనిపించింది. కాని మా ఊరి జాబితా అక్కడ కనబడలేదు. పంజాబు వాళ్ళకు లాహోరు మ్యూజియంలో రిజిస్టర్లు దొరికాయి. సుమారు 3 లక్షల 20 వేల మంది వివరాలు ఊళ్ళవారీగా ఉన్నాయట. 2021లో వాటిని కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టారు. మన జిల్లాలకు అలాంటి రిజిస్టరు నా కంటబడలేదు గనుక, మనకు రిజిస్టర్లు మన ఇళ్ళే.

కాబట్టి మీ ఇళ్ళలో పెట్టెలు, అటకలు ఒకసారి చూడండి. బిళ్ళ దొరికితే దయచేసి తోమకండి. తడిగుడ్డ కూడా వద్దు. అంచు మీద నంబరు చూసి కాగితం మీద రాసుకోండి. పేరు కుదరకపోతే కంగారు పడకండి. ఇంటిపేరు కోసం వెతకకండి. తండ్రి పేరు, పాత తాలూకా, పాత జిల్లా చూడండి. అప్పట్లో మనవి గంజాం, వైజాగపటం, గోదావరి, కిష్ణా జిల్లాలని గుర్తుంచుకోండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి, నకళ్ళు ఇవ్వండి. తొంభై దాటిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉంటే ఈ సంక్రాంతికే కూర్చోబెట్టి అడగండి. బస్రా అంటే తెలియకపోవచ్చు. బసరా అని అడగండి.

మా ఊరి పలక మీద వెళ్ళినవారు 11 అని చెప్పాను గదా. ఇప్పటికి ఏడుగురి పేర్లు కుదిరాయి. పోయిన ముగ్గురిలో ఇద్దరివి దొరికాయి. మూడో ఆయన కంచరగాడిదల దళంలో ఉండేవాడనీ, ఆయన భార్య బిడ్డను తీసుకుని గరివిడి వైపు పుట్టింటికి వెళ్ళిపోయిందనీ ఊళ్ళో పెద్దలు చెప్పారు. ఆ వైపు బంధువులున్నవారు ఈ సభలో ఉంటే, భోజనాల దగ్గర ఒక్క మాట చెప్పండి. కాగితం, కలం నా జేబులోనే ఉన్నాయి.